పదహారా, పద్నాలుగా

బోర్డు మీద మూడే అంకెలు. 2, 4, 8. వాటి పక్కన ఒక ప్రశ్నార్థకం.

"పదహారు!" అంది ముందు బెంచీ అమ్మాయి, రీజనింగ్ టీచరు మార్కర్ మూత పెట్టకముందే. రెట్టింపవుతూ పోతోంది కదా, ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికి ఏముందన్నట్టు చూసింది.

"పద్నాలుగు" అన్నాడు వెనక బెంచీలోంచి కొత్తగా చేరిన కుర్రాడు. "రెండు పెరిగింది, నాలుగు పెరిగింది. ఇప్పుడు ఆరు పెరగాలి."

క్లాసు రెండు పార్టీలైంది. కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ క్లాసంటే ఎప్పుడూ సగం సంతే.

"ఆప్షన్లలో రెండూ ఇచ్చి చస్తే ఏం చెయ్యాలి టీచర్?" అని అడిగాడు ఆ కుర్రాడు.

దీనికి టీచరు దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. అనుమానం వస్తే వదిలెయ్యండి, తప్పు పెడితే ఉన్న మార్కుల్లోనూ కోత పడుతుంది. చెప్పీ చెప్పీ ఆవిడ నోరు అరిగిపోయిన మాట అది.

ఇవాళ ఆ మాట అనకుండా మార్కర్ బల్ల మీద పెట్టేసింది.

"కాసేపు బ్రేక్" అంది.

పోయిన పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది. ఆ పరీక్ష ఆవిడ తమ్ముడూ రాశాడు. వయసు పరిమితి దాటిపోయే ముందు వాడికి అదే ఆఖరి అవకాశం.

తమ్ముణ్ణి ఆవిడే తయారుచేసింది. ఇంగ్లీషులో ఏ అక్షరం ఎన్నోదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఈ, జె, ఓ, టి, వై అంటే ఐదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు అని పళ్ళు తోముకుంటూ వల్లించేవాడు. నురగంతా అద్దం మీద పడేసి తిట్లు తినేవాడు.

ఒకసారి క్లాసులో ఆవిడ వేసిన సిరీస్‌కే ఇంకో జవాబు చూపించి, అందరి ముందూ అక్క పరువు తీశాడు.

"రెండు కనిపించడం గొప్ప కాదురా. రెండు కనిపిస్తే వదిలెయ్యడం తెలివి" అంది ఆరోజు ఇంటికొచ్చాక. కొంచెం ఉక్రోషంగానే అంది.

వాడు బుద్ధిగా తలూపాడు.

పరీక్ష నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పాడు. "అక్కా, ఒకదానికి రెండు ఆన్సర్లు వచ్చాయి. నువ్వు చెప్పినట్టే వదిలేశా."

"శభాష్" అంది. వీపు తట్టింది కూడా.

ఫైనల్ ఆన్సర్ కీ వచ్చింది. ఆ ప్రశ్నకి రెండు జవాబులూ సరైనవేనట. పదహారు పెట్టినవాళ్ళకీ మార్కు, పద్నాలుగు పెట్టినవాళ్ళకీ మార్కు. ఒక్కటే కనిపించినవాళ్ళందరూ గట్టెక్కారు. రెండూ చూసి వదిలేసినవాడికి ఏమీ రాలేదు.

ఉద్యోగం ఆ ఒక్క మార్కు దగ్గరే పోయింది.

తమ్ముడు పల్లెత్తు మాట అనలేదు. కడిగిపారేసి ఉంటే బాగుండేదని ఆవిడకి ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ వీపు తట్టడం గుర్తొస్తే తల కొట్టేసినట్టవుతుంది.

వాడు కోచింగ్ సెంటర్ కిందే జిరాక్స్ షాపులో పనికి కుదిరాడు. అక్క క్లాసుకి కావలసిన ప్రాక్టీస్ పేపర్లు ఇప్పుడు వాడే తీసిస్తున్నాడు.

ఆవిడ మెట్లు దిగింది.

తమ్ముడు మిషన్ తెరిచి, ఇరుక్కున్న కాగితం లాగుతున్నాడు. వేళ్ళ నిండా నల్లటి పొడి.

"ఏంటక్కా, దిగొచ్చావు? కేకేస్తే నేనే తెచ్చేవాణ్ణిగా. పిల్లలు తరిమేశారా?"

"ఆ రెండు, నాలుగు, ఎనిమిది..." అంది.

వాడు తలెత్తలేదు. "ఊఁ."

"నీకు ముందు ఏది తట్టింది?"

"పదహారు." కాగితం నలిగి బయటికొచ్చింది. "బబుల్ దిద్దబోయాను కూడా. పెన్ను ఆనించాక రెండోది కనబడింది."

"దిద్దెయ్యాల్సిందిరా."

"నువ్వేగా..." అని ఆగిపోయాడు. మిషన్ మూసి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "పోనీలే అక్కా. ఇప్పుడెందుకు అవన్నీ."

ఏడుపొస్తుందేమోనని ఆవిడ గబగబా పేపర్ల కట్ట అందుకుంది. ఇంకా వేడిగా ఉంది.

"కింద చెయ్యి పెట్టి పట్టుకో, జారిపోతాయి" అన్నాడు.

పైకొచ్చేసరికి ఎవరో ఆకతాయి బోర్డు మీది ప్రశ్నార్థకానికి కళ్ళూ మీసాలూ పెట్టాడు. క్లాసంతా ఆవిడ ఎప్పుడు తిడుతుందా అని కాచుకుని కూర్చుంది.

ఆవిడ తిట్టలేదు. చెరపనూ లేదు.

"రాసుకోండి" అంది. "రెండు జవాబులొచ్చి, రెండూ ఆప్షన్లలో ఉంటే, ముందు తట్టింది పెట్టేయండి. పోతే పోతుంది. వదిలెయ్యకండి."

పెన్నులు కదిలాయి. ముందు బెంచీ అమ్మాయి మాత్రం సగంలో ఆపి తలెత్తింది.

"వదిలెయ్యమని మీరే అన్నారు కదా టీచర్?"

"అన్నాను" అంది టీచరు.