డిక్కీ తలుపు నేరం

“రాయవయ్యా! డిక్కీ తలుపే చెయ్యి విరగ్గొట్టిందని రాయి!”

బండి యజమాని అరుపుకి షెడ్డులో రెంచీల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ మాత్రం తల ఎత్తలేదు. ఆ పెద్దబండి వెనక నడుం వంచి, తలుపు తాళం కొక్కేన్ని టార్చి వెలుతురులో చూస్తున్నాడు.

ఈ బండి ఇక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి ఆయన భార్య భుజం కమిలింది. రెండోసారి నుదురు చిట్లింది. ఇప్పుడు మణికట్టుకి పిండికట్టు. మూడుసార్లూ ఒకటే మాట. బటన్ నొక్కితే మెల్లగా దిగాల్సిన తలుపు దభీమని మీద పడిందట.

ఆవిడ గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కనే పాతికేళ్ళ కూతురు. అమ్మ చేతిసంచీ తన ఒళ్ళో పెట్టుకుని, పిండికట్టు కింద తువ్వాలు మడత పెట్టి ఆనిస్తోంది.

“అసలు నిన్నెవరు దాని కింద నిలబడమన్నారు?” ఆయన భార్య మీదికి తిరిగాడు. “ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!”

ఆవిడ నేలచూపులు చూసింది.

“నాన్నా, పదిమందిలో అమ్మ మీద అరవకు,” అంది కూతురు మెల్లగా.

ఈ పిల్లయినా ఉంది, నయం అనుకున్నాడు మేస్త్రీ.

కంప్యూటరు తగిలించి చూశాడు. ఒక్క లోపమూ చూపలేదు. తలుపుని ఎత్తిపట్టే కడ్డీలు రెండూ గట్టిగానే ఉన్నాయి. అంచున ఉన్న రబ్బరు పట్టీకి ఏదైనా తగిలితే తలుపు వెంటనే వెనక్కి పోవాలి. ఖాళీ అట్టపెట్టె అడ్డం పెట్టి బటన్ నొక్కాడు. అట్ట నలగనే లేదు, తలుపు పైకి వెళ్ళిపోయింది. చివరికి తన చెయ్యే పెట్టాడు. పసిపిల్ల తాకినట్టు తాకి వెళ్ళింది. కరెంటు తీసేసి చూస్తే, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది.

“ఈ తలుపు చీమని కూడా చంపలేదండీ.”

“అంటే నా పెళ్ళాం అబద్ధం చెబుతోందంటావా?”

“ఆవిడ చెబుతున్నారో, ఎవరైనా చెప్పిస్తున్నారో!”

ఆయన మొహం జేవురించింది. “తలుపు మొత్తం మార్చు! ఇంకోసారి నా పెళ్ళానికి దెబ్బ తగిలిందంటే నిన్నూ వదలను, నీ షెడ్డునీ వదలను!”

మేస్త్రీ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా మడ్డినూనెలో చేతులు పెడుతున్నాడు గానీ, ఇంత రోత ఎన్నడూ పుట్టలేదు. కట్టుకున్నదాన్ని కొట్టి, ఆ పాపం ఇనుము మీదికి నెట్టి, పైగా కాగితం రాసిమ్మంటున్నాడు!

“లోపల మేనేజరుగారున్నారు. ఆయనతో మాట్లాడండి,” అని ఆయన్ని పంపేశాడు. కూతురు మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళింది.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అమ్మా, నేను పెద్దగా చదువుకోలేదు. అయినా తలుపు దెబ్బేదో, మనిషి దెబ్బేదో నాకు తెలుసు. మీరు ఊఁ అనండి చాలు, పోలీసులకి ఫోన్ చేస్తాను.”

“వద్దు బాబూ.”

“ఇంకా ఎందుకమ్మా ఆయన్ని వెనకేసుకొస్తారు? ఛీ! అలాంటి మనిషితో ఎలా వేగుతున్నారు?”

ఆవిడ మొదటిసారి తల ఎత్తింది.

“నోరు పెద్దదే గానీ, ఆయన చెయ్యెత్తే మనిషి కాదయ్యా. నా మాట నమ్మాడు కాబట్టే మూడుసార్లు బండి తెచ్చాడు.”

“మరి?”

నీళ్ళసీసాతో వస్తున్న కూతురి చెప్పుల చప్పుడు దగ్గరయింది. ఆవిడ కుర్చీలో ముడుచుకుపోయింది. పెదాలు మాత్రం కదిలాయి.

“కొట్టేది మా అమ్మాయి.”