మోకాలు ఎట్టుండాది?

పెంచలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఫోను మోగింది. మాట్లాడింది మొగుడు మస్తానయ్య గొంతు. అతను పోయి రెండేళ్ళయింది. చనిపోయిన రోగుల గొంతులతో వాళ్ళ ఇళ్ళకే ఫోన్లు చేసి వైద్యానికి రమ్మనడం ఇప్పుడు అన్ని ఆసుపత్రులూ చేసే పనే.

“ఏమే, మోకాలు ఎట్టుండాది?”

మోకాలు బాగయి ఏడాదయింది. ఆ మాట చెబితే ఫోన్లు ఆగిపోతాయి. పక్కింటి కరీమా తనకు నయమైందని నిజం చెప్పేసి, మళ్ళీ వాళ్ళాయన గొంతు వినలేదు.

“నొప్పిగానే ఉండాది.”

“ఎన్నాళ్ళు ఓర్చుకుంటావే, మొండిదానా? రేపు ఆపరేషన్‌కి రాయించినా. రానంటే ఇంక నేను అడగను.”

పెంచలమ్మ చేట పక్కన పెట్టింది. నొప్పి లేని మోకాలిని అరచేత్తో నిమిరింది.

“వస్తాలే,” అంది. “కోసినాక కూడా అడగతావు గదా, ఎట్టుండాదని?”