మురుగు చెరువు మీద తెల్లచొక్కా

ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మన్ పోతురాజు పరిగెత్తుకొచ్చి ఆ కబురు చెప్పేసరికి, చంద్రరావు నోటి దాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

చెరువు గట్టు మీద ఎవరో నిలబడి ఉన్నాడట.

"ఎలా ఉన్నాడు?"

"తెల్లచొక్కా టక్ చేశాడండి. కాళ్లకి బూట్లు. చంకలో నల్ల జిప్పు సంచి. నీళ్లకేసే చూస్తున్నాడండి."

ఆ చిన్న పట్నం మునిసిపాలిటీలో చంద్రరావు మురుగు చెరువుల సూపర్‌వైజరు. ఊరి మురుగంతా ఆ చెరువుల్లో చేరాలి. ఏరేటర్ల రెక్కలు తిరిగి నీటికి గాలి పట్టించాలి. కంపు పోయాకే ఆ నీరు కింది డ్రెయిన్‌లోకి వెళ్లాలి.

కాగితం మీద అలాగే వెళ్తోంది. ఏరేటర్లు మాత్రం చంద్రరావు బావమరిది రొయ్యల చెరువులో హాయిగా తిరుగుతున్నాయి.

వచ్చినవాడు పొల్యూషన్ బోర్డు ఆఫీసరేనని చంద్రరావు తేల్చేశాడు. జిప్పు సంచిలో ఉన్నది తన ఫైలేనని కూడా తేల్చేశాడు.

చీకటి పడకుండానే ఏరేటర్లు ట్రాక్టరెక్కి తిరిగొచ్చాయి.

మర్నాడు పొద్దున్నే ఆ మనిషి మళ్లీ వచ్చాడు. తిరుగుతున్న రెక్కల్ని చాలాసేపు చూసి వెళ్లిపోయాడు. ఇక అప్పట్నుంచి రోజూ అదే వరస.

చంద్రరావు కొబ్బరిబొండాం కొట్టించి చేతికిచ్చాడు.

"తమరిది ఏ ఆఫీసండీ?"

"నీళ్లు చూసిపోదామని వచ్చానండి."

అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు. ఏమీ అడగని ఆఫీసరంటే చంద్రరావుకి మరీ భయం. నిద్ర కరువైంది. చివరికి పోతురాజుని అతని వెనకాలే పంపాడు.

పోతురాజు తెచ్చిన కబురుకి చంద్రరావు నోరెళ్లబెట్టాడు. ఆ మనిషి డ్రెయిన్ దాటాక తుమ్మచెట్ల చాటున ప్యాంటు విప్పి మడతపెట్టి, లుంగీ ఎగ్గట్టి, దాళ్వా వరి కోతల్లో కొడవలి పట్టాడట.

"ఆఫీసరూ కాదు, పాడూ కాదండి. మోటార్లు ఎత్తుకెళ్లే ముఠా మనిషి. అదను కోసం కాపు కాస్తున్నాడు."

మర్నాడు చంద్రరావు అతని కాలరు పట్టుకున్నాడు. ఇంకోసారి గట్టెక్కితే స్టేషన్‌లో పెట్టిస్తానన్నాడు. తాగించిన బొండాలన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

ఆ మనిషి నలిగిన చొక్కా సర్దుకున్నాడు.

"నేను రాను లెండి. వాటిని మాత్రం ఆపకండి."

దొంగవెధవ తనకి సలహా చెప్పడమేమిటని చంద్రరావు పడీపడీ నవ్వాడు. ఆ సాయంత్రమే ఏరేటర్లు మళ్లీ రొయ్యల దగ్గరికి వెళ్లిపోయాయి.

ఆ వారంలోనే వేసవికని కాలువలకి నీళ్లు కట్టేశారు. దిగువనున్న పేటలో మంచినీళ్లు అయిపోయి, జనం డ్రెయిన్ ఒడ్డునే చెలమలు తవ్వుకుని ఆ నీళ్లే తాగారు. పేటంతా వాంతులు, విరేచనాలు.

బ్లీచింగ్ పౌడరు బస్తాలతో మునిసిపాలిటీ చంద్రరావునే అక్కడికి పంపింది.

ఓ పాక ముందు అతని కాళ్లు ఆగిపోయాయి. లోపల దండెం మీద ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. దాని కింద పెట్టె మీద నల్ల జిప్పు సంచి. సగం తీసిన జిప్పులోంచి బైబిలు కనిపిస్తోంది.

"ఎవరివమ్మా అవి?" అడిగాడు.

"మా ఆయన ఏసురాజువండి. మొన్న విరోచనాలతో పోయారండి," అంది గడపలో కూర్చున్న పాపాయమ్మ.

మునిసిపాలిటీ మనిషే కదా అని ఆవిడే చెప్పుకొచ్చింది.

"ఓ ఆదివారం చర్చి నుంచొస్తూ, నీళ్లెందుకింత కంపు కొడుతున్నాయోనని మీ చెరువుల దగ్గర ఆగారండి. మర్నాడు వెళ్తే రెక్కలు తిరుగుతున్నాయంట. ఎవరో ఒకరు చూస్తుంటే గానీ తిప్పరని అప్పుడర్థమైందండి. ఇక రోజూ కోతకెళ్లేముందు ఆ చర్చి బట్టలేసుకుని, మా పేట నీళ్లకి కాపలా కాసేవారండి."