జోకొట్టే చెయ్యి

కీళ్లకి నూనె పొయ్యాలి. దుమ్ము తుడవాలి. మెయిన్ స్విచ్ ఆపాలి. షెడ్డుకి తాళం వెయ్యాలి.

జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీకి జపాను నుంచి మరమనిషి చెయ్యి వచ్చాక, బస్తాలు పేర్చే కృపారావుకి మిగిలిన పని దానికి సేవ చెయ్యడమే.

పేర్చేముందు ప్రతి బస్తానీ రెండుసార్లు తట్టడం అతని అలవాటు. కుట్టు వదులైతే ఆ చప్పుడులోనే తెలిసేది. "ఏం బాబాయ్, జోకొడుతున్నావా?" అని నవ్వినవాళ్లే ఇప్పుడు మర చుట్టూ మూగి మురిసిపోతుంటే అతనికి కడుపు మండేది.

"పేర్చటం సరే. తట్టటం ఎవడు నేర్పుతాడ్రా దీనికి?" అన్నాడు ఆ సాయంత్రం.

"నువ్వే నేర్పు బాబాయ్, ఖాళీయేగా" అన్నాడు తోటి కూలీ ఆశీర్వాదం, ఇంటికి పోతూ.

చీకటి పడ్డాక కృపారావు స్విచ్ ఆపి, తాళం వేసి, చిల్లకల్లు బస్సు కోసం గేటు వైపు నడిచాడు. వెనక షెడ్డులో చప్పుడైంది. రెండు దెబ్బలు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ రెండు.

అతనికి ముందు భయం వెయ్యలేదు, అసూయ పుట్టింది. ఆ దెబ్బ తన దెబ్బకన్నా మెత్తగా ఉంది. వెనక్కొచ్చి తాళం తీశాడు. చప్పుడు ఆగింది, అతని కోసమే ఆగినట్టు. లోపలికి అడుగు పెట్టాడు. మళ్లీ బయటికి రాలేదు.

ఆ చెయ్యి ఇవాళ్టికీ ప్రతి బస్తానీ రెండుసార్లు తడుతుంది. ఆ సిమెంటుతో ఇల్లు కట్టుకున్నవాళ్లు కృపారావుని ఒక్కసారి తలుచుకోండి.