పదిలో ఎనిమిది

తార్నాకలో పదహారు దుకాణాలు తిరిగింది సింధూజ. ఎక్కడా ఎవరూ ఆమె కొలత టేపును దగ్గరికి రానివ్వలేదు.

పనివాళ్ళ ఒంటినొప్పులు తగ్గించడం మీద యూనివర్సిటీలో ఆమె ప్రాజెక్టు. ఒక్క దుకాణంలోనైనా పనిచేసే తీరు మార్చి, ముందూ తర్వాతా ఫొటోలతో నెలాఖరుకి చూపించాలి. లేదంటే ఈ ఏడు పట్టా లేనట్టే.

పదిహేడోది ఉప్పలయ్య బైండింగ్ షాపు. క్యాంపస్ పిల్లల రిపోర్టులకు అట్టలు వేసేది ఆయనే. గడువు ముంచుకొచ్చి ఏడుపు మొహాలతో పరిగెత్తుకొచ్చే వాళ్ళను ఏటా చూస్తుంటాడు. సింధూజ వెళ్ళేసరికి నేల మీద గూనిగా కూర్చుని కాగితాలు కుడుతున్నాడు. ఆ గూని చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

వచ్చిన పని చెప్పి, "నడుం నొస్తదా అంకుల్?" అని అడిగింది.

"పొద్దుగూకేసరికి లేవనే రాదు బిడ్డా."

"పదికి ఎన్ని మార్కులిస్తరు నొప్పికి?"

"ఎనిమిది రాస్కో," అన్నాడు తడుముకోకుండా.

లోపల టీ తాగుతున్న ఆయన భార్య అమలకు పొలమారింది.

మర్నాడే సింధూజ రంగంలోకి దిగింది. నేల మీద పని మానాలంది, బల్ల మోచేతుల ఎత్తుకు రావాలంది. ఉప్పలయ్య లోపలి గదిలోంచి ఒక బల్ల లాక్కొచ్చాడు. కొలిస్తే అంగుళం తేడా లేదు. అదృష్టమంటే ఇదీ అనుకుంది. అరగంటకోసారి లేచి ఒళ్ళు విరుచుకోవాలని చెబితే, చేతులు ఎంతవరకు లేపాలో ఆయనే చేసి చూపించాడు. కాగితాల కట్టను నడుం వంచకుండా, మోకాళ్ళు వంచి ఎత్తడం ఒక్కసారికే పట్టేశాడు. ఇంత చురుకైన మనిషి ఇన్నాళ్ళూ చెప్పేవాళ్ళు లేక బాధపడ్డాడే అని ఆమె జాలిపడింది.

మూడు వారాల్లో నొప్పి రెండుకు దిగింది. రిపోర్టుకు ఉప్పలయ్యే ఎర్రట్ట వేసి, బంగారు అక్షరాలద్దాడు. ఫొటోలు చూసి ప్రాజెక్టు సార్ మెచ్చుకున్నారు. సింధూజ పాసైంది.

కోవా డబ్బా పట్టుకుని అటునుంచి అటే షాపుకు వచ్చింది. గడప దగ్గర చెప్పులు విప్పుతుంటే, లోపల ఉప్పలయ్య భార్యతో అంటున్నాడు.

"అయిదేండ్ల సంది వచ్చిన పిల్లలందరికీ నడుం నొప్పే చెప్తున్న, సార్‌కు అనుమానమొస్తది, సోమవారం వచ్చే పిల్లగానికి మెడ చెప్తనే."