తోడొచ్చిన మనిషి

"ఎక్కు," అన్నాడు గంగన్న బరువు చూసే మిషను చూపించి.

అతని భార్య కనకదుర్గ ఎక్కలేదు. గిలకలదిండి హార్బరు పక్కన షెడ్డులో పెట్టిన వైద్య శిబిరం అది. చుట్టూ అందరూ తెలిసినవాళ్లే. తన బరువెంతో ఇంతమంది చెవిన పడటం దేనికని ఆమె గొణిగింది. వారం రోజులుగా ఇదే వరస. ఒళ్లు పెరిగిపోతోంది, పరీక్ష చేయించుకోమని అతను పోరుతుంటే, చేపల బేరాల వేళనో, తలనొప్పనో చెప్పి ఆమె తప్పించుకుంటూ వచ్చింది. ఇవాళ చెయ్యి పట్టుకుని మరీ లాక్కొచ్చాడు.

చివరికి ఎక్కింది. ఎనభై ఎనిమిది కిలోలు.

గంగన్న వెంటనే చెప్పులు విడిచి, ఎవరూ అడక్కుండానే తనూ ఎక్కాడు. యాభై ఆరు.

"చూశారా డాక్టరమ్మా, పెళ్లినాడు ఎంతున్నానో ఇవాళా అంతే," అన్నాడు షెడ్డంతా వినబడేలా.

డాక్టర్ హన్నా నవ్వి, బరువొక్కటే చూస్తే సరిపోదంది. చేతులు కట్టుకుని, ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో ఇద్దర్నీ చేసి చూపించమంది.

కనకదుర్గ కొంగు నడుముకి దోపింది. పంతొమ్మిది సార్లు లేచింది. అయిపోగానే, రేవులో పండుగప్ప చేప దిగిందా అని పక్కావిడని మామూలుగా అడిగింది.

ఇదీ ఒక పరీక్షేనా అనుకుంటూ గంగన్న కూర్చున్నాడు. అయిదు దాకా హుషారుగానే లేచాడు. ఎనిమిదికి తొడలు వణికాయి. తొమ్మిదికి కుర్చీ పట్టుకుని ఆగిపోయాడు. మాట రాక, మంచినీళ్లు కావాలని సైగ చేశాడు.

డాక్టరమ్మ బీపీ చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. ఈసారి ఆమె ముఖంలో నవ్వు లేదు. పనేమిటని అడిగింది. సముద్రం మీద వేటకి వెళ్లడం మానేసి ఆరేళ్లయిందనీ, ఇప్పుడు రేవులో కుర్చీ వేసుకుని చేపల వేలం నడుపుతున్నాననీ అతను చెప్పాడు.

"కండ కరిగి దాని చోట కొవ్వు చేరినా మిషను అదే అంకె చూపిస్తుందండీ. మీ ఆవిడ రోజంతా గంప మోస్తూ తిరుగుతున్నారు. ఆవిడ కాస్త తగ్గితే మంచిదే, తొందర మాత్రం లేదు. మీకు బీపీ బాగా ఎక్కువుంది, మందులు ఇవాళే మొదలుపెట్టాలి. రేపు ఈసీజీ తీయించుకోండి."

గంగన్నకు తల కొట్టేసినట్టయింది. లోపల భయమూ వేసింది. నెల రోజులుగా డాబా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ గమనించలేదనే అనుకున్నాడు.

కనకదుర్గ మందులు తీసుకుని, ఏది ఎప్పుడు వేయాలో రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

బయటికి వెళ్లబోతుంటే నర్సు సుచిత్ర పిలిచి ఒక కార్డు చేతికిచ్చింది. దాని మీద గంగన్న పేరు, వయసు, ఇంటి నంబరు ముందే అచ్చయి ఉన్నాయి.

"నేను పేరు రాయించలేదండీ. ఈవిడకి తోడొచ్చానంతే," అన్నాడతను అయోమయంగా.

"మీ ఆవిడే వారం కిందట వచ్చి రాయించారండీ," అంది సుచిత్ర. "రమ్మంటే మీరు రారట. తను రానని మొండికేస్తే మాత్రం లాక్కొస్తారట."