రేక పట్టని చేతులు

కొండల్‌రావు దొర దోసిట్లో తాటాకు రేక గడగడ వణికింది. పోశాగౌడ్ వంచిన కల్లంతా ధోవతి మీదే ఒలికిపోయింది.

“జరమొచ్చిందా దొరా?”

“ఏం లేదు. పొయ్యి పోశిగా.”

మళ్లీ పోస్తే మళ్లీ ఒలికింది. పోశాగౌడ్ ఆ చేతుల వంక చూశాడు. మత్తుమందు కలుపుతున్నారని అబ్కారీవాళ్లు కల్లు దుకాణానికి తాళం వేసి మూడు రోజులైంది. అక్కడ తాగినవాళ్లంతా అది దొరక్క ఇలాగే వణికిపోతున్నారు.

ఊరంతా మందుకల్లుకు మరిగినా, పొద్దున్నే తన చెట్టు కిందికి వచ్చేది ఈ దొర ఒక్కడే. ఈ ఒక్కడి కోసమే అతను ఇంకా మోకు కట్టి తాటిచెట్టు ఎక్కుతున్నాడు.

“నువ్వు గూడ దుకాణానికి పోతున్నవా దొరా?”

“నీ కల్లు రుచికి తాగుత. గా సీసా తాగకుంటే నిద్ర పట్టది. జర మందు దొరికిచ్చి కలుపురా.”

“నా చెట్టు కల్లుల కలుపనా? నాతోని గాదు దొరా.”

పోశాగౌడ్ ఇంకో రేక నింపి, తనే పట్టి ఆయన నోటికందించాడు. దొర దాన్ని తోసేసి, తడిసిన మట్టిలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. పోశాగౌడ్ తాతా తండ్రీ ఈ దొరల గడి ముందు వంగి అన్న మాటే ఇప్పుడు ఆయన నోట వచ్చింది.

“నీ కాల్మొక్త, పోశన్నా.”